ఆరిపోయే సాక్ష్యం

చిప్‌ల రిలయబిలిటీ ల్యాబ్‌లో హాస్ట్ అనే పరీక్ష ఒకటుంది. 130 డిగ్రీల వేడి, 85 శాతం తేమ, బయటి గాలికి రెట్టింపు పైచిలుకు ఒత్తిడి. అలాంటి ఛాంబర్‌లో చిప్‌లను వోల్టేజీ మీదే ఉంచి 96 గంటలు వదిలేస్తాం. ఆ గంటలు పూర్తయి ఛాంబర్ చల్లబడగానే ఇంకో లెక్క మొదలవుతుంది. అక్కడి నుంచి 48 గంటల్లోగా ఆ చిప్‌లను టెస్టర్ మీద పెట్టి కొలిచి తీరాలి.

పైకి చూస్తే ఇది ఆఫీసులో ఎవరో గీసిన గడువులా ఉంటుంది. కాదు. చిప్ చుట్టూ ఉండే నల్లటి ప్లాస్టిక్ నీటి ఆవిరిని పీలుస్తుంది. లోపల ఎక్కడైనా ప్లాస్టిక్ సరిగ్గా అతుక్కోకపోతే ఆ సందులోకి తేమ చేరుతుంది, అక్కడున్న మలినాలను కరిగించుకుని కరెంటు పోకూడని చోటికి దారి చేస్తుంది. చిప్‌ను బయటికి తీసి ఏసీ గదిలో ట్రే మీద పెడితే ఆ తేమ మెల్లగా వచ్చిన దారినే వెళ్లిపోతుంది. మూడో రోజు కొలిస్తే జబ్బు చిప్ కూడా మంచి చిప్‌లాగే రీడింగ్ ఇవ్వొచ్చు.

లోపానికి కూడా ఆయుష్షు ఉంటుందన్న సంగతి ఈ ఉద్యోగానికి రాకముందు నాకు తెలియదు. దాన్ని చూడగలిగే సమయం కొంతే ఉంటుంది. ఆ సమయం పోనిచ్చి చూసినవాళ్లకు అంతా బాగానే కనిపిస్తుంది, వాళ్లు నిజాయితీగానే 'పాస్' అని రాస్తారు. అబద్ధం చెప్పేవాళ్లెవరూ లేకుండానే ఒక అబద్ధం కాగితం మీదికి ఎక్కుతుంది. నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

మాది హిందూపురం. పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా చేసి, మా ఊళ్లో చాలామందిలాగే బెంగళూరు రైలెక్కాను. ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో ఆపరేటర్‌గా చేరాను. చిప్‌ల తయారీ అనగానే అందరికీ తల నుంచి కాలి దాకా తెల్ల సూట్లు తొడుక్కున్న మనుషులు, పసుపు దీపాల గదులు గుర్తొస్తాయి. మా గది అలా ఉండదు. వరసగా ఓవెన్లు, మందపాటి ఉక్కు తలుపుల ఛాంబర్లు, పక్కన పవర్ సప్లైలు, ఎడతెగని ఫ్యాన్ల హోరు. ఫ్యాక్టరీలో తయారై, ప్యాకేజీ అయి, ఒకసారి టెస్ట్ పాసైన చిప్‌లే మా దగ్గరికి వస్తాయి. ఇవాళ పనిచేస్తున్నాయా అన్నది అప్పటికే తేలిపోయి ఉంటుంది. ఇంకో పదేళ్లకు కూడా పనిచేస్తాయా అని అడగడానికి మేమున్నాం.

పదేళ్లు ఎవరూ ఆగలేరు కాబట్టి వేడితో కాలాన్ని కుదిస్తాం. దీని వెనకున్న సూత్రం స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్‌ది. 1889లో ఆయన చెరకు చక్కెర ఆమ్లంలో విడిపోయే వేగాన్ని పట్టుకుని, వేడి పెరిగేకొద్దీ రసాయన చర్య ఎంత త్వరపడుతుందో సమీకరణంగా రాశాడు. ఆ చక్కెర సమీకరణమే ఇవాళ సిలికాన్‌కు వాడుతున్నాం. సాధారణంగా వేసుకునే 0.7 ఎలక్ట్రాన్ వోల్టుల యాక్టివేషన్ ఎనర్జీ లెక్కతో చూస్తే, 55 డిగ్రీల దగ్గర జరిగే అరుగుదల 125 డిగ్రీల దగ్గర సుమారు 78 రెట్లు వేగంగా జరుగుతుంది. ఓవెన్‌లో వెయ్యి గంటలంటే ఆరు వారాలు. చిప్‌కు అది దాదాపు తొమ్మిదేళ్ల బతుకు. అన్ని రకాల లోపాలకూ ఇదే అంకె వర్తించదు, కొన్నింటికి వేడి కంటే తేమ ముఖ్యం, కొన్నింటికి వేడీ చలీ మార్చి మార్చి పెట్టడం ముఖ్యం. అందుకే ఇన్ని రకాల ఛాంబర్లు. ఒకదాంట్లో మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా కొన్ని వందల సార్లు ఊగిసలాడిస్తాం, ఇంకోదాంట్లో 85 డిగ్రీలు, 85 శాతం తేమలో వెయ్యి గంటలు నానబెడతాం.

ఆపరేటర్ చేసే పనిని చెబితే చాలా చిన్నదిగా ఉంటుంది. చేతికి రిస్ట్ స్ట్రాప్ కట్టుకోవడం. ఒక్కో యూనిట్ మీద నంబరు సరిచూసుకోవడం. బోర్డు మీది సాకెట్లలో ఒకటో పిన్ ఎటుందో చూసి కూర్చోబెట్టడం. వోల్టేజీలు, కరెంటు చూసి ఛాంబర్ మొదలుపెట్టడం. చిప్‌లతోపాటే తిరిగే ట్రావెలర్ కార్డు మీద తేదీ, గంట, నిమిషం, సంతకం. ఇంజనీర్లు ప్లాన్ రాస్తారు, రిపోర్టు రాస్తారు. మధ్యలో ఆ చిప్‌లను ముట్టుకునేది మేము మాత్రమే.

వేడి ఓవెన్ పరీక్షలో ఒక నియమం నన్ను చాలా ఆలోచింపజేసింది. గంటలు పూర్తయ్యాక ముందు ఓవెన్ వేడి తగ్గించాలి. చిప్‌లు 55 డిగ్రీలకో అంతకంటే కిందికో దిగేదాకా వోల్టేజీ తియ్యకూడదు. ఎందుకో మా షిఫ్ట్ ఇన్‌చార్జి చెప్పారు. ఆయనది కోలారు, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. "వోల్టేజీ తీసేసి వేడి మాత్రం ఉంచినామంటే ఆ వేడే మందైపోతాదమ్మా. అంతసేపూ మనం చేసిన దెబ్బ మానిపోతాది. మనం చూసేసరికి ఏమీ ఉండదు." చిప్ లోపల సోడియం లాంటి అయాన్లు ఉంటే వోల్టేజీ వాటిని ఒకవైపుకు లాగి పోగు చేస్తుంది, ట్రాన్సిస్టర్ గుణం మారిపోతుంది. వోల్టేజీ పోయి వేడి మిగిలితే అవి మళ్లీ చెదిరిపోతాయి. చిప్ మామూలుగా కనిపిస్తుంది. వాడేవాళ్ల చేతిలో మళ్లీ వోల్టేజీ పడ్డాక మళ్లీ పోగవుతాయి.

అంటే స్విచ్‌లు ఏ వరసలో నొక్కామన్నదాని మీద ఒక చిప్ మంచిదో చెడ్డదో మారిపోతుంది. ఆరు వారాల శ్రమ ఒక్క చేతి కదలికతో చెరిగిపోగలదు, అదీ ఎవరికీ తెలియకుండా. ఫెయిల్ వస్తే వందమంది ప్రశ్నిస్తారు. పాస్ వస్తే ఎవరూ ఏమీ అడగరు. అందుకే ఎక్కువ అనుమానంతో చూడాల్సింది పాస్‌ని అని నేను నమ్ముతాను.

ఇక 77 గురించి చెప్పాలి. ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ ఈ అంకె తెలుసు. ఒక్కో తయారీ విడత, అంటే లాట్ నుంచి 77 యూనిట్లు, మూడు లాట్లు, మొత్తం 231. ఒక్కటి కూడా ఫెయిల్ కాకూడదు. ఈ అంకె ఎలా వచ్చిందో నేను కాగితం మీద వేసి చూసుకున్నాను. తయారయ్యే చిప్‌లలో నిజంగా నూటికి ఒకటి చెడ్డదే అనుకుందాం. అప్పుడు మనం తీసిన 231లో ఒక్కటీ చావకుండా గట్టెక్కే అవకాశం పదింట ఒకటి కంటే కొంచెం తక్కువ. అందుకని ఒక్కటీ చావకపోతే, చెడ్డవి నూటికి ఒకటి లోపే ఉంటాయని 90 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. అంతే. కోట్ల చిప్‌ల గురించి ఇచ్చే మాట ఈ సున్నా మీద నిలబడి ఉంటుంది. ఆ 231లో ఒక్కటి పోయిందంటే అదే నమ్మకంతో చెప్పగలిగేది సుమారు 1.7 శాతానికి పెరుగుతుంది. ఇచ్చిన మాట చెల్లదు.

కార్లలోకి వెళ్లే ఒక చిప్ హాస్ట్‌కు వచ్చినప్పుడు ఇదంతా నా కళ్లముందు జరిగింది. మొదటి లాట్ శుభ్రంగా గట్టెక్కింది. రెండో లాట్‌ను రాత్రి షిఫ్టులో ఛాంబర్ నుంచి దింపి టెస్టర్ మీద వేస్తున్నాను. ఒక యూనిట్ దగ్గర ఇన్‌పుట్ లీకేజీ లిమిట్‌ను దాటింది, కొద్దిగా కాదు, చాలా రెట్లు. మిగతావన్నీ పాస్. ఇన్‌చార్జికి ఫోన్ చేశాను.

"ఫస్ట్ రీడింగ్ సేవ్ చేసినావా?"

"చేశాను సార్. కార్డు మీద కూడా రాశాను."

"కంట్రోల్ యూనిట్లు?"

"ముందు వేశాను, ఇప్పుడు మళ్లీ వేశాను. రెండుసార్లూ ఒకేలా ఉన్నాయి."

కంట్రోల్ యూనిట్లు అంటే ఏ ఛాంబర్‌లోకీ వెళ్లని చిప్‌లు. వాటి రీడింగ్ కదలకపోతే టెస్టర్ సరిగానే ఉందని అర్థం.

"అయితే సాకెట్ మార్చి ఇంకొక్కసారి చూడు. అదే వస్తే బ్యాగులో వేసి సీలు చెయ్యి. లోపల డెసికెంట్ పెట్టద్దు."

చిప్‌ల బ్యాగు అంటే లోపల తేమ పీల్చే పొట్లం ఉండి తీరాలని ఈ పనిలో చేరిన ప్రతివాళ్లకూ మొదటి వారంలోనే నేర్పుతారు. ఇక్కడ మాత్రం అది పనికిరాదు. ఆ తేమే మన సాక్ష్యం. తేమ దాటనివ్వని బ్యాగులో పొట్లం లేకుండా సీలు చేస్తే చిప్ ఆరే వేగం మూడో వంతుకు తగ్గుతుంది, 48 గంటల గడువును 144 గంటల దాకా తీసుకుపోవచ్చు. ఇది పరీక్షా ప్రమాణాల్లోనే రాసి ఉంది. ఏదో ఒక ల్యాబ్‌లో ఏదో ఒక చిప్ మూడో రోజు అమాయకంగా పాసై, తర్వాత ఎక్కడో చచ్చి ఉంటే తప్ప ఇలాంటి వాక్యం రాయాలని ఎవరికీ తోచదని నాకనిపిస్తుంది.

పొద్దున కస్టమర్ తరఫు ఇంజనీర్ వచ్చాడు. చెడ్డ మనిషి కాదు, అతని తల మీద షిప్‌మెంట్ తేదీ ఉంది. "ఒక్కటే కదా సార్. బేక్ చేసి మళ్లీ వెయ్యండి" అన్నాడు. మా ఇన్‌చార్జి బేక్ చెయ్యనని అనలేదు. రెండు రీడింగులూ, కంట్రోల్ యూనిట్ల డేటా అన్నీ అతనికి మెయిల్ వెళ్లి, అందినట్టు జవాబు వచ్చేదాకా ఆగారు. అప్పుడు 125 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు పెట్టించారు. తీసి కొలిస్తే లీకేజీ లేదు. మంచి చిప్‌కూ దానికీ తేడా లేదు.

ఆ ఇంజనీర్ ముఖం వెలిగింది. "చూశారా, బాగైపోయింది."

"బాగుపడలేదు సార్, ఎండింది," అన్నారు ఇన్‌చార్జి. "వానాకాలంలో కారు తడిస్తే మళ్లీ ఇట్లే అయితాది."

ఇంట్లో మా అమ్మ షుగర్ టెస్టుకు రెండ్రోజుల ముందు నుంచి అన్నం సగం చేసి, టీలో చక్కెర మానేసేది. రిపోర్టు చక్కగా వచ్చేది, అందరం సంతోషించేవాళ్లం. డాక్టరమ్మ మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష రాశాక అసలు సంగతి బయటపడింది. ఆ రిపోర్టుల్లో అంకె తప్పు కాదు, చూసిన సమయం తప్పు. బేక్ అయి పాసైన ఆ చిప్‌ను చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ఆ రిపోర్టులే గుర్తొచ్చాయి.

చిప్‌ను ఫెయిల్యూర్ అనాలిసిస్‌కు పంపారు. శబ్ద తరంగాలతో లోపలి పొరలను చూపించే మైక్రోస్కోప్ ఉంటుంది. దాంట్లో ఒక మూల నుంచి ప్లాస్టిక్ ఊడి, ఆ సందు లోపలి ప్యాడ్ దాకా పాకినట్టు కనిపించింది. ఆసిడ్‌తో ప్లాస్టిక్ కరిగించి చూస్తే ప్యాడ్ పక్కన అల్యూమినియం తినేసి ఉంది. అసెంబ్లీలో ప్లాస్టిక్ పోసే ముందు శుభ్రం చేసే దశ దగ్గర తేడా ఉందని తేల్చారు, దాన్ని సరిచేశారు. కొత్తగా మూడు లాట్లు మొదటి నుంచి మా దగ్గరికి వచ్చాయి. షిప్‌మెంట్ వాయిదా పడింది. ఆ ఇంజనీర్ తర్వాత కలిసినప్పుడు, బేక్‌కు ముందే కాగితం మీద పెట్టించినందుకు మా ఇన్‌చార్జికి థాంక్స్ చెప్పాడు. డేటా లేకపోతే అసెంబ్లీ వాళ్లను అతను ఒప్పించలేకపోయేవాడు.

దీనికి ఇంకో పక్క ఉంది. తప్పుడు పాస్ ఎంత ప్రమాదమో తప్పుడు ఫెయిల్ కూడా అంతే. మనిషి ఒంట్లో పోగైన స్థిరవిద్యుత్తు చేతికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి. అంతకంటే చాలా తక్కువకే కొన్ని చిప్‌లు చచ్చిపోతాయి. అంటే మనం చంపినట్టు మనకే తెలియదు. పవర్ ఆన్‌లో ఉండగా సాకెట్‌లో పెట్టినా, ఛాంబర్ త్వరగా చల్లార్చి చిప్ మీద నీటి చుక్కలు పట్టనిచ్చినా అంతే. అప్పుడు ఏ తప్పూ లేని డిజైన్‌ను, ఏ తప్పూ చెయ్యని అసెంబ్లీ లైన్‌ను మనం దోషిగా నిలబెడతాం. వాళ్లు లేని లోపం కోసం వారాల తరబడి వెతుకుతారు. చిప్‌ను ఏదైనా చంపిందంటే అది పరీక్షే అయ్యుండాలి, నా చెయ్యి కాకూడదు. రిస్ట్ స్ట్రాప్‌ను షిఫ్టు మొదట్లో చెక్ చేసుకోవడం అందుకే, ఆడిట్‌లో చూపించుకోవడానికి కాదు.

ఈ పనిని చాలాచోట్ల నైపుణ్యం అక్కర్లేని పనిగా చూస్తారు. షిఫ్టుకు ఎన్ని బోర్డులు ఎక్కించారు, ఎన్ని లాట్లు దింపారు అని లెక్కపెడతారు. అది తప్పు కొలత అని నేను గట్టిగా అనుకుంటాను. బోర్డుల సంఖ్య కోసం పరుగెత్తే మనిషి ఓవెన్ 55 డిగ్రీలకు దిగేదాకా ఎందుకు ఆగుతుంది? టెస్టర్ ఖాళీ లేదని తెలిసీ హాస్ట్‌ను శుక్రవారం సాయంత్రం దింపేసి, సోమవారం కొలిస్తే సరిపోతుందిలే అనుకునే వాతావరణం అలాంటి లెక్కల వల్లే పుడుతుంది. సోమవారం అన్నీ పాసవుతాయి. ఆ పాస్‌లకు విలువ లేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మన దేశంలో చిప్‌ల ప్యాకేజింగ్, టెస్టింగ్ ప్లాంట్లు వస్తున్నాయి. గుజరాత్‌లోని సాణంద్‌లో, అస్సాంలోని జాగీరోడ్‌లో వాటికి అనుమతులు వచ్చాయి. 2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగు ప్రాజెక్టుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. దక్షిణ కొరియాకు చెందిన ఏపాక్ట్ సాంకేతిక సహకారంతో ఏసిప్ అనే సంస్థ పెట్టే ఈ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 9.6 కోట్ల యూనిట్లు. ఇలాంటి ప్లాంట్లలో రిలయబిలిటీ ల్యాబ్ ఉండక తప్పదు. నాలాగా పాలిటెక్నిక్ చదివిన పిల్లలు వాటిలో చేరతారు. వాళ్ల సంతకాల మీద బ్రేకుల్లోకి, ఆస్పత్రి యంత్రాల్లోకి, కరెంటు మీటర్లలోకి చిప్‌లు వెళ్తాయి.

చేరబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. బోర్డు ఎలా ఎక్కించాలో వాళ్లే నేర్పుతారు. 48 గంటలు ఎందుకో, 55 డిగ్రీలు ఎందుకో, 77 ఎందుకో మీరు అడిగి తెలుసుకోండి. అడిగితే విసుక్కునే ఇన్‌చార్జి దొరికినా మానొద్దు, ఇంకొకరిని అడగండి. ఫెయిల్ కనిపిస్తే ముందు రాయండి, తర్వాతే ముట్టుకోండి.

ప్లాంట్లు నడిపేవాళ్లకు నా మనవి ఇది. టెస్టర్ ఖాళీ లేనప్పుడు ఛాంబర్‌ను దింపకుండా ఆపే అధికారం, ఫెయిలైన యూనిట్‌ను పక్కన పెట్టి సీలు చేసే అధికారం రాత్రి షిఫ్టు ఆపరేటర్‌కు కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ సమయంలో మీరెవరూ అక్కడ ఉండరు.